జానెడు సందు

ముప్ఫై రెండేళ్ళు బస్సు నడిపి దిగిన రోజున మన డ్రైవరుకు పూలదండ వేశారు, గోడ గడియారం ఇచ్చారు. దండ మర్నాటికి వాడిపోయింది. గడియారం మూడు నెలలకు ఆగిపోయింది. సీటులో కూర్చుని కూర్చుని సంపాదించుకున్న నడుంనొప్పి మాత్రం నిక్షేపంగా ఉండిపోయింది. ఆ నొప్పిని వెంటేసుకునే ఇంటి వెనక ఖాళీ జాగాలో పండ్లతోట పెట్టాడాయన.

సున్నంతో గీతలు గీసి, డిపోలో బస్సులు నిలిపినట్టు రెండు వరసలు, వరసకు ఆరు చొప్పున పన్నెండు మొక్కలకు చోటు గుర్తుపెట్టాడు. బస్సుకూ బస్సుకూ నడుమ జానెడు సందు వదిలి నిలపగలిగిన మొనగాడని ఆయనకు పేరు. మొక్కలు కదా అని జాలిపడి నాలుగు జానలు వదిలాడు.

ఇక గుంతలు. మొలలోతు తవ్వాడు. మూడో గుంతలో భూమికి అవతలివైపు వాళ్ళ మాటలు వినిపించాయని వీధిలో చెప్పాడు. తొమ్మిదో గుంత దగ్గర వాళ్ళే "ఇంక చాలించు నాయనా, మా ఇంటి కప్పు కారుతోంది" అని మొత్తుకున్నారట. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. అతక్కపోయినా, ఆ అరచేతుల బొబ్బలు చూసినవాళ్ళు ఊ కొట్టేవాళ్ళు.

మామిడి, జామ, సపోటా, దానిమ్మ, నిమ్మ తెచ్చి నాటాడు. మేకలు రాకుండా చుట్టూ ముళ్ళకంప కట్టాడు. మొదళ్ళకు సున్నం పూశాడు, ఎండ ముదిరితే పాత దుప్పట్లతో పందిరి వేశాడు. ఇంత చేసినా అసలు పని నీళ్ళది. కుళాయి వీధివైపు ఉంది, తోట వెనక ఉంది. ధార దారంలా వచ్చేది, పైపు తగిలిస్తే అదీ వచ్చేది కాదు. అందుకని బకెట్టు పట్టుకుని ముందుగది దాటి, వంటగది దాటి, వెనక మూడు మెట్లు దిగాలి. మొక్కకు రెండు బకెట్ల చొప్పున రోజుకు ఇరవై నాలుగు.

ఎండాకాలమంతా మోశాడు. తొలకరి ఒక్క జల్లు పడి మొహం చాటేసింది. మళ్ళీ మోశాడు. ఇప్పుడు ఒక చేతిలో బకెట్టు, ఇంకో చెయ్యి గోడ మీద.

"ఏమండీ, ఆ గోడేమన్నా పడిపోతుందా, అలా పట్టుకుంటున్నారు?" అంది భార్య. ఆయన ఇంకో బకెట్టు నింపుకొచ్చాడు. ఆమె ఈసారి నవ్వకుండా అంది. "ఈ నెలాఖరు దాకా చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే మొక్కలు పీకించేసి, జాగా మా తమ్ముడికిచ్చేద్దాం. చెక్కలు పెట్టుకుంటాడు. నాకు తోట వద్దు, మనిషి కావాలి."

ఆ తమ్ముడు ఇళ్ళ కప్పులకు చెక్కలు బిగించే మేస్త్రీ. ఆ జాగా మీద అతని కన్ను ఎప్పటిదో.

"నేను పోయాక పెట్టుకోమను" అన్నాడు డ్రైవరు.

"అంతదాకా చెక్కలు తడుస్తాయి బావా" అన్నాడు గుమ్మంలోంచి బావమరిది.

ఆ వారంలోనే మొక్కలు అమ్మిన నర్సరీ ఆవిడ అటు వచ్చింది. మామిడికొమ్మా జామకొమ్మా ఒకదాన్నొకటి రాసుకోవడం చూపించి, "చూశావా, ఎంత స్నేహమో" అని మురిశాడు డ్రైవరు. ఆవిడ నోటిమీద చెయ్యి వేసుకుంది.

"డ్రైవరన్నా, ఇదేం పని? చెట్లు నాటావా, బస్సులు నిలిపావా?"

"నిలపడంలో నన్ను మించినవాడు లేడమ్మా."

"బస్సు నిలిపినప్పుడు ఎంతుందో తెల్లారికీ అంతే ఉంటుంది. చెట్టు అలా ఉంటుందా? ఇంకో రెండేళ్ళలో ఒకదాని గొంతు ఒకటి పట్టుకుంటాయి. ఒక్క కాయ దక్కదు."

"మరి అమ్మేటప్పుడు చెప్పొద్దూ?"

"జాగా ఎంతని అడిగాను. రెండు డిపోలంత అన్నావు. ఎడం గురించి చెప్పబోతే, నాకా ఎడం నేర్పుతావు అన్నావు."

బావమరిది పక్కకు తిరిగి దగ్గాడు. డ్రైవరు తల గోక్కున్నాడు. గొప్పలకు పోయిన నోరు తనదే, ఎవరిననగలడు?

"సగం తీసెయ్యాలి. వేళ్ళు ఇంకా పసివి, ఇప్పుడైతే బతుకుతాయి. మా గట్టున చోటుంది, నేను పట్టుకెళ్తా" అందావిడ.

"ముప్ఫై రెండేళ్ళలో ఎక్కినవాణ్ణి నడిదారిలో దింపలేదు నేను."

"నన్ను దింపావుగా బావా, టికెట్టు లేదని!"

"నువ్వు బావమరిదివిరా. లెక్కలోకి రావు." అని లోపలికి వెళ్ళి పడుకున్నాడు. ఒక్కటీ కదలదని గోడవైపు తిరిగి చెప్పాడు.

మర్నాడు పొద్దున పదిహేడో బకెట్టు దగ్గర వంటగది గడప మీద కూలబడ్డాడు. నీళ్ళు ఒలికి పొయ్యి కిందదాకా పోయాయి. లేద్దామంటే నడుం మాట వినలేదు. భార్య ఒలికిన నీళ్ళు తుడిచి, ఆ బకెట్టు నింపుకుని తనే మొయ్యడం మొదలుపెట్టింది. తిట్టినా బాగుండేది. నాలుగో విడత ఆమె కూడా గోడ పట్టుకోవడం ఆయన కంటపడింది.

"ఏమే."

"ఊ."

"మీ తమ్ముణ్ణి గునపం తెమ్మను. నర్సరీ ఆవిడకీ కబురు పెట్టు."

మబ్బు పట్టిన రోజు చూసి పని పెట్టుకున్నారు. ఏది ఉండాలో, ఏది పోవాలో డ్రైవరే చెప్పాలి. ఒకటి విడిచి ఒకటి అనేస్తే అయిపోయేది. అనలేక ప్రతి మొక్క దగ్గరా ఆగాడు. ఇది చీడపట్టి బతికింది. దీని తల మేక కొరికింది. చివరికి కళ్ళు మూసుకుని ఆరింటి మీద చెయ్యి వేశాడు. బావమరిది ఆ రోజు ఒక్క ఎకసెక్కం ఆడలేదు. చుట్టూ మన్ను చెదరకుండా గునపంతో పైకి లేపుతుంటే, డ్రైవరు కాండం పట్టుకుని నిలబడ్డాడు. తడి గోనెలు చుట్టి బండిలో పెట్టారు.

"నీళ్ళు కుదురుగా పొయ్యి. మొదలు దగ్గర పొయ్యకు, చుట్టూ పొయ్యి" అన్నాడు నర్సరీ ఆవిడతో.

మొక్కలమ్ముకుని బతికే మనిషికి ఆ మాట. ఆవిడ అలాగేనన్నా అని తలూపింది.

తర్వాతి పొద్దున పన్నెండు బకెట్లు మోశాడు. అలవాటు కొద్దీ పదమూడోది కూడా నింపి, గదులు దాటి, మెట్లు దిగి తోటలోకి తెచ్చాడు. ఆరు మొక్కల కుదుళ్ళూ నిండి ఉన్నాయి. పొయ్యడానికి మొక్క లేదు. ఆ బకెట్టు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఏమైందండీ?"

"ఎక్కువైందే."

"ఇటు తెండి. బట్టలు నానబెడతా."

ఇచ్చేశాడు. ఎండ ఇంకా గోడ మీదికి రాలేదు. ఆ మెట్టు మీదే కూర్చుని, తల ఎప్పుడు వాలిందో తెలియకుండా నిద్రపోయాడు.