ఎడమ నుంచి మూడో చోటు

పోలెండ్‌లో పిల్లల నాట్య పోటీ జరుగుతుంటే నేను కట్టంగూర్‌లో ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. మన దేశం తరఫున పన్నెండు మంది వెళ్లారు. మొన్నటిదాకా ఆ పన్నెండులో నేనూ ఉన్నాను. మెర్సీ, నల్గొండ జిల్లా అని జాబితాలో పేరు కూడా పడింది.

పదహారు నిండకూడదన్నది పోటీ నియమం. నాకు నిజంగా పదిహేనే. బడి రికార్డులో మాత్రం పదహారు నిండాయి. మమ్మల్ని బళ్లో వేసేటప్పుడు పుట్టిన తేదీ ఎవరడిగారు గనుక? బాపు చెప్పిన వయసు లెక్కేసి, సారు జూన్ పది అని రాసేశారు. మా వాడలో సగం మంది జూన్‌లోనే పుట్టాం మరి! ఆధార్‌లో అదే, పాస్‌పోర్ట్‌లో అదే. నా అసలు తేదీ చర్చి పుస్తకంలో ఉంది. నాకు డాన్స్ నేర్పిన కరుణ టీచర్ ఆ పుస్తకం నకలు పట్టుకుని హైదరాబాద్ దాకా తిరిగింది. పాస్‌పోర్ట్‌లో ఏముంటే అదేనన్నారు. నా చోట ఇంకో అమ్మాయిని తీసుకున్నారు.

నెల రోజులుగా బాపుతో సరిగా మాట్లాడలేదు. నోరు తెరిస్తే ఏమనేస్తానోనని నాకే భయం.

ఫోన్‌లో మనవాళ్లు వేదిక మీదికి వచ్చారు. ఎడమ నుంచి మూడో చోటు నాది. అక్కడ ఆ అమ్మాయి బాగానే ఆడుతోంది. అందుకే నాకు ఇంకా కడుపు మండింది. కూర్చున్న చోటే నా కాళ్లు అడుగులు వేస్తున్నాయి. ఇక ఆగలేకపోయాను.

"ఒక ఏడు ఎక్కువ ఎందుకు చెప్పినవ్ బాపూ? గంత తొందరేమొచ్చింది నీకు?" అని అరిచాను.

గడప మీద కూర్చున్న బాపు నా వైపు చూడలేదు.

"తొందర నాది గాదు బిడ్డా. పంద్రాగస్టుకు బళ్లె పిల్లలు డాన్స్ చేస్తుంటే గోడ పట్టుకొని చూసినవ్. నేను గూడ చేస్త అని రెండొద్దులు అన్నం ముట్టలె. గప్పుడు నీకు నాలుగేండ్లే. ఐదు నిండితెనే తీసుకుంట అన్నడు సారు. నిండినయ్ సారూ అన్న."

ఆ రోజు గోడ అవతలికి వెళ్లాలని ఎంత పిచ్చి పట్టిందో, ఇప్పుడూ అంతే ఉంది.

పాట అయిపోయింది. అక్కడ చప్పట్లు కొడుతున్నారు. బాపు లేచి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"జర మల్ల పెట్టు. నీ జాగా ఏదో చూపియ్యి."

మొదటి నుంచి పెట్టి, మూడో చోటు మీద వేలుంచాను. బాపు కళ్లద్దాలు తుడుచుకుని, ఆ అమ్మాయినే చివరిదాకా చూశాడు.