తప్పుంటేనే వాయిస్

ఒక్క నిమిషం ఆగండి. చేతిలో పని పక్కన పెట్టి ఇది వినండి. నాకు సాయంత్రం వరకే టైముంది, గబగబా చెప్పేస్తాను, చివర్లో మిమ్మల్ని ఒకటి అడగాలి.

నా పేరు నవత. మాది హన్మకొండ, కాలేజీ చదువంతా హైదరాబాద్. బర్ దుబాయ్‌లో బట్టల షాపుల పైన రెండో అంతస్తులో ఒక చిన్న ఇంగ్లీష్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, అందులో టీచర్‌ని. నా స్టూడెంట్లలో పెషావర్ ట్రక్ డ్రైవర్లున్నారు, ఇథియోపియా అమ్మాయిలున్నారు, నేపాల్ నుంచి వచ్చిన సెక్యూరిటీ గార్డులున్నారు. వీళ్ళెవరికీ క్లాసుకొచ్చే తీరిక లేదు, అందుకే మా చదువంతా ఇన్‌స్టిట్యూట్ యాప్‌లో వాయిస్ మెసేజీలతోనే నడుస్తుంది, అందులో ఎవరి నంబరూ ఎవరికీ కనపడదు. పొద్దున నేనొక ప్రశ్న పంపుతాను, వాళ్ళు వీలు చిక్కినప్పుడు ఇంగ్లీష్‌లో జవాబు రికార్డు చేసి పంపుతారు, నేను విని తప్పులు దిద్దుతాను.

దిద్దడానికొక రూలుంది. ఇన్‌స్టిట్యూట్ నడిపే రమీజ్ భాయ్ పెట్టింది. ఆయనది మా హైదరాబాదే, మల్లేపల్లి. స్టూడెంట్ జవాబులో తప్పుంటే టీచర్ వాయిస్‌లో వివరంగా చెప్పాలి. తప్పు లేకపోతే పచ్చ టిక్కు ఒకటి పెట్టి తర్వాతి మెసేజీకి వెళ్ళిపోవాలి.

"తప్పుంటేనే వాయిస్ మేడమ్," అన్నాడు నేను చేరిన రోజే. "మంచిగ చెప్పినోళ్ళతోని గూడ ముచ్చట పెట్టుకుంట కూసుంటే మన దుకాణం ఖలాస్."

నాకప్పుడు ఎంత హుషారంటే, రూలు ఏదైనా సరే అనిపించింది. తప్పులు దిద్దడం మీదే ఒక ఆన్‌లైన్ కోర్సు చేసి వచ్చాను మరి. ముందు మెచ్చుకోవాలి, తర్వాత తప్పు చెప్పాలి, మళ్ళీ మెచ్చుకుని ముగించాలి. లేదా తప్పు అని అనకుండా మన జవాబులో సరైన మాట వాడేయాలి, వాళ్ళే పట్టుకుంటారు. ఇవన్నీ ఎప్పుడెప్పుడు వాడదామా అని ఉండేది.

సత్యకుమారి నా గ్రూపులోకి అప్పుడే వచ్చింది. ఆవిడది రాజోలు దగ్గర ఒక ఊరు. రువైస్‌లో ఒక ఇంజినీరు ఇంట్లో ఇద్దరు పిల్లల్ని చూసుకునే పని. రువైస్ అంటే రిఫైనరీ, కంపెనీ క్వార్టర్లు, ఇంకా ఆ చుట్టూ ఇసుక. అబుదాబి వెళ్ళాలన్నా గంటల ప్రయాణం. ఫోను ఇంటావిడ దగ్గరుంటుంది, ఇంటావిడని ఆ ఇళ్ళల్లో మామా అని పిలుస్తారు. మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక క్లాసు కోసమని మామా ఫోను ఇస్తుంది. క్లాసైతే పర్వాలేదు, కబుర్లైతే ఫోను వెనక్కి. అందుకే ఆవిడ బట్టలుతికే గదిలో తలుపు దగ్గరేసుకుని రికార్డు చేసేది, వెనకాల వాషింగ్ మెషిన్ తిరుగుతూ ఉండేది.

కొత్తలో ఇంగ్లీష్ రాక జవాబు మధ్యలో తెలుగులోకి వచ్చేసేది. ఒకసారి నేను చాలా శ్రద్ధగా మెచ్చుకుని, తప్పు చెప్పి, మళ్ళీ మెచ్చుకుంటే ఇలా పంపింది.

"మేడంగారూ, మీరు అటో బ్రెడ్డు ముక్క ఇటో బ్రెడ్డు ముక్క పెట్టి మధ్యలో పచ్చిమిరపకాయ పెడతన్నారండి. ఆ మిరపకాయేదో ముందే ఇచ్చేయండి, నీళ్ళు తాగేసి కూర్చుంటాను."

నేను మెట్రోలో పక్కవాళ్ళు చూసేంతగా నవ్వాను.

ఆవిడ ఎందుకు నేర్చుకుంటోందో కూడా అప్పుడే చెప్పింది. ఆ ఇంజినీరు కుటుంబం ఈ ఏడాది వాళ్ళ దేశం వెళ్ళిపోతోంది. అబుదాబిలో ఒక నర్సరీ స్కూల్లో ఆయా పని ఉంది, మా ఇన్‌స్టిట్యూట్‌లో ఈ లెవెల్ పాసైతే తీసుకుంటామన్నారు. పాసవకపోతే మామా వాళ్ళ చుట్టాలింటికి పంపిస్తుంది, అదీ రువైస్‌లోనే, ఇంకో రెండేళ్ళు.

"నర్సరీలో వారానికో రోజు సెలవంటండి," అంది. "ఉండేది కూడా నలుగురాడాళ్ళతో కలిసంట. సెలవు రోజున ఏం చేస్తారో కూడా మర్చిపోయానండి నేను."

నేర్చుకోవడం మొదలెట్టాక ఎంత వేగంగా నేర్చుకుందంటే, ఒక వారమంతా ఆవిడ జవాబుల్లో పట్టుకుందామంటే తప్పే దొరకలేదు. వారమంతా పచ్చ టిక్కులే పెట్టాను. నా దిద్దుబాటు ఇంత బాగా పనిచేస్తోందా అని పొంగిపోయాను.

ఆ తర్వాత బండి ఆగిపోయింది. ప్రతి జవాబులోనూ తప్పు. అదీ కొత్త తప్పు కాదు, ఎప్పుడో దిద్దేసిన పాతది. వాయిస్ పెట్టి చెప్తే మర్నాడు అది సరిగ్గా ఉండేది, ఇంకో పాత తప్పు వచ్చి కూర్చునేది. నేను కోర్సులో నేర్చుకున్న పద్ధతులన్నీ ఒకదాని తర్వాత ఒకటి వాడేశాను. తప్పు చెప్పకుండా ఆవిడనే వెతకమన్నాను. నెమ్మదిగా చెప్పి చూశాను, ఉదాహరణలు పెంచాను.

ఉదాహరణలకి ఎక్కడికని పోతాను, నా బతుకులోంచే తీసేదాన్ని. నిన్న జరిగింది ఎలా చెప్పాలో చూపించడానికి, నిన్న అన్నం మాడ్చాను అని ఇంగ్లీష్‌లో చెప్పేదాన్ని. రేపటిది చెప్పడానికి, రేపు సెలవు కానీ నేనెక్కడికీ వెళ్ళను అనేదాన్ని. మర్నాడు ఆవిడ జవాబు చివర్లో, మంట చిన్నది చేయండి టీచర్ అనో, బయటికెళ్ళండి టీచర్, ఎండ తగ్గింది కదా అనో ఇంగ్లీష్‌లో ఉండేది. అందులోనూ ఒక తప్పు. మళ్ళీ నా వాయిస్.

నా సంగతి కూడా చెప్పాలి ఇక్కడ. నేనుండేది ఒక ఫ్లాట్‌లో, చెక్కతో అడ్డం కట్టిన పార్టిషన్‌లో. మిగతా ముగ్గురూ నర్సులు, షిఫ్టులు వేరు. గుమ్మం దగ్గర ఎవరి చెప్పులున్నాయో చూసి ఇంట్లో ఎవరున్నారో తెలుసుకుంటాను, మొహాలు సరిగ్గా గుర్తులేవు. రోజంతా మాట్లాడుతూనే ఉంటాను, గొంతు నొప్పెడుతుంది కూడా, కానీ అదంతా దిద్దుబాటే. నువ్వెలా ఉన్నావ్ అని అడిగితే, ఆ వాక్యం సరిగ్గా ఉందా లేదా అని చూడటమే నా పని. జవాబు చెప్పడం కాదు. సత్యకుమారి మెసేజీ మాత్రం అన్నిటికన్నా చివర్న వినేదాన్ని, ఇంటికెళ్ళేటప్పుడు.

రమీజ్ భాయ్ ఊరుకోలేదు. "ఏంది మేడమ్, రువైస్ ఆమెకే అంతంత పొడుగు వాయిస్ పెడుతున్నరు. బాకీ స్టూడెంట్లంత ఏం పాపం చేసిండ్రు? అయినా ఆమె మార్కులు చూసిండ్రా? ఇట్లనే ఉంటే ఫెయిలే."

ఫెయిలంటే ఆవిడకి ఇంకో రెండేళ్ళు రువైసే. ఆవిడకి చెప్పడం నాకు చేతకావట్లేదేమో అని రాత్రుళ్ళు నా వాయిస్‌లు నేనే మళ్ళీ విని చూసుకున్నాను.

అప్పుడు ఆ మెసేజీ వచ్చింది. మెట్రోలో విన్నాను. ఆవిడ జవాబు మొదలెట్టిందో లేదో, తలుపు చప్పుడైంది, చిన్నబాబు ఏడుస్తూ వచ్చాడు. ఆవిడ రికార్డింగ్ ఆపడం మర్చిపోయి వాణ్ణి ఎత్తుకుంది. ఏం కల వచ్చిందని అడిగింది, కుక్క తరిమిందని వాడు చెప్పాడు. ఆ కుక్కకి ఆకలేసి ఉంటుంది, దానికి బిస్కెట్ ఎక్కడ దొరుకుతుందో నిన్ను అడుగుదామని వెనకాలే వచ్చింది, నువ్వు ఆగకపోయేసరికి పాపం ఇంటికెళ్ళిపోయింది అని కథ చెప్పింది. అంతా ఇంగ్లీషే. ఎక్కడా ఆగలేదు, ఒక్క తప్పు లేదు. పైగా వాడొక వాక్యం తప్పు చెప్తే, తప్పు అనకుండా, తన జవాబులో అదే వాక్యాన్ని సరిగ్గా అనేసింది. వాడు రెండోసారి దాన్ని సరిగ్గా అన్నాడు.

అది నా పద్ధతి. నేను ఆవిడ మీద వాడిన పద్ధతి.

తర్వాత ఫోన్ చేతిలోకి తీసుకుంది. "సారీ టీచర్, బేబీ వేక్ అప్. నౌ ఐ యామ్ టెల్ ఆన్సర్," అంది, మొదటి వారంలో మాట్లాడినట్టు.

నేను దిగాల్సిన స్టేషన్ దాటిపోయింది. ఎక్కడో దిగి బెంచీ మీద కూర్చుని పాత మెసేజీలన్నీ వెనక్కెళ్ళి విన్నాను. ప్రతి దాంట్లోనూ తప్పు చివరి వాక్యంలోనే ఉంది, ముందంతా శుభ్రంగా ఉంది. తప్పులు తిరిగి మొదలైంది నేను వారమంతా పచ్చ టిక్కులు పెట్టాకే.

ఇది తేలిన మర్నాడే ఆవిడ ఫైనల్ రికార్డింగ్ వచ్చింది. ప్రశ్న అందరికీ ఒకటే, సెలవు రోజు ఏం చేస్తారు. ఆవిడ జవాబు నిండా తప్పులు. వరసగా పేర్చి పెట్టినట్టున్నాయి. పాసైతే ఆవిడ నా గ్రూపులోంచి వెళ్ళిపోతుంది, పై లెవెల్ వేరే టీచరుది. ఫెయిలైతే ఇంకో మూడు నెలలు నాతోనే. నిజం చెప్పనా, ఒక్క క్షణం నాకూ అలాగే ఉంటే బాగుండుననిపించింది.

రమీజ్ భాయ్ దగ్గరికెళ్ళి ఆవిడకి ఇంకో ఛాన్స్ కావాలన్నాను.

"ఫైనల్ ఒక్కపారే ఉంటది మేడమ్."

"ఆరోజు వాళ్ళింట్ల పిలగాడు ఏడుస్తుండె భాయ్. ఒక్కపారి ఇయ్యున్రి." వాడు ఏడ్చింది అంతకుముందు మెసేజీలో, అబద్ధమాడాను.

"మీరు మస్తు తిప్పలు పెడుతున్నరు." గోడ మీది క్యాలెండర్ చూశాడు. "చలో, ఎల్లుండి సాయంత్రం దాకా. యల్లా, ఇగ నడువున్రి."

ఆవిడకి మొదటిసారి తెలుగులో వాయిస్ పెట్టాను. "సత్యకుమారి గారూ, బాబు ఏడ్చుకుంట వచ్చిన రోజు మీరు మాట్లాడిందంతా రికార్డయింది. నేను మొత్తం విన్న. నాకు అంతా సమజైంది. ఫైనల్ మళ్ళా పంపండి."

విన్నట్టు నీలం టిక్కులు పడ్డాయి. ఆ రోజు సాయంత్రం మెట్రోలో వినడానికి ఏమీ లేకపోతే, నా చెవుల్లో ఇయర్‌ఫోన్స్ ఊరికే పెట్టుకుని కూర్చున్నాను.

మర్నాడు మధ్యాహ్నం వచ్చింది, వాషింగ్ మెషిన్ చప్పుడుతో.

"మేడంగారూ, తిట్టకండి. పచ్చ టిక్కు ఏం మాట్లాడుద్దండి? అది పడిందంటే ఆ రోజుకి నాకు మాటలు అయిపోయినట్టేనండి. ఈ ఇంట్లో అందరూ నాకు పని చెప్పేవోళ్ళే. నేను చెప్పింది చివరాకరి దాకా విని, అందులో ఇది ఇలాగుంది అది అలాగుంది అని చెప్పేది మీరొక్కరేనండి. తప్పని చెప్పినా నాకు బానే ఉండేది. అన్నం మాడ్చుకున్నానని ఎవరు చెప్తారండి నాకు? నన్ను ఫెయిల్ చేసేయండి, పర్లేదు. ఇంకో మూణ్ణెల్లు మీ గ్రూపులో ఉంటాను."

నేను నాలుగుసార్లు రికార్డు చేసి చెరిపేశాను. చివరికి ఇది పంపాను.

"మూడు నెలలైనంక ఏం చేస్తరు? మళ్ళా ఫెయిలైతరా? అటెనుక రెండేండ్లు అదే బట్టల గదిల ఉంటరు. మీరు కావాలని చేసిన తప్పు దిద్దుడు నాతోని కాదు. నాక్కూడ మీ వాయిస్ రాకపోతే ఏం తోచది, అది వేరే సంగతి. బాబుకి కథ చెప్పినట్టు చెప్పండి."

ఇవాళ మధ్యాహ్నం ఫైనల్ మళ్ళీ వచ్చింది. ఈసారి మెషిన్ ఆపేసినట్టుంది, వెనకాల చప్పుడు లేదు. సెలవు రోజున ఆలస్యంగా లేస్తానంది. చేపల పులుసు వండుకుని డబ్బాలో పెట్టుకుని, తోటి ఆడవాళ్ళతో అబుదాబి బీచి రోడ్డుకి, కార్నిష్‌కి వెళ్ళి, సముద్రం పక్కన కూర్చుని తింటానంది. మా ఊళ్ళో ఉన్నది కూడా సముద్రమే కానీ అక్కడ చూడటానికి తీరికుండేది కాదంది. ఎవరూ పిలవకపోతే చీకటిపడే దాకా అక్కడే ఉంటానంది. అంతా ఇంగ్లీష్‌లో, నీళ్ళు పారినట్టు. నేను పెన్ను పట్టుకుని కూర్చున్నాను, రాసుకోవడానికేం లేదు.

సరిగ్గా చివరి వాక్యంలో మాత్రం, "ఐ యామ్ వెయిట్ ఫర్ యువర్ వాయిస్ టీచర్," అంది.

ఆ ఒక్క తప్పుకి పాస్ ఆగదు. పాస్ అని రాసి ఇచ్చేశాను, రమీజ్ భాయ్ సంతకం కూడా అయిపోయింది. నర్సరీ వాళ్ళకి రేపే వెళ్తుంది. సాయంత్రం ఆవిడ పేరు నా గ్రూపులోంచి తీసేస్తారు.

కానీ తప్పుంది కదా. అంటే రూలు ప్రకారం ఆవిడకి నేనింకొక వాయిస్ బాకీ. ఇదే ఆఖరుది. ఇందులో నా సొంత నంబరు చెప్పాలనుంది. స్టూడెంట్లకి నంబర్లివ్వకూడదని మా అగ్రిమెంటులో ఉంది. నాకు ముందున్న టీచరు ఇచ్చాడని అదే రోజు తీసేశారు, వీసా కూడా పోయింది. ఫైనల్ మీద పెట్టే వాయిస్‌లన్నీ రమీజ్ భాయ్ ఇంటికెళ్ళే ముందు తప్పకుండా వింటాడు.

ఆవిడ చాట్ తెరిచి మైకు గుర్తు మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను. అవతల ఆవిడ ఆన్‌లైన్ అని చూపిస్తోంది, ఇంకా మామా ఫోను తీసుకోలేదన్నమాట. ఆ ఒక్క వాక్యం దిద్ది, ఆల్ ది బెస్ట్ చెప్పి వదిలేయనా, నంబరు చెప్పేయనా? మీరైతే ఏం చేస్తారు?