నాలుగు గంటల మగ్గి

యశోదమ్మ ఒక పని పట్టిందంటే వదిలే మనిషి కాదు. కర్ణాటకలో చిక్కబళ్లాపురం నుంచి చింతామణి పోయే రోడ్డు పక్కనే ఆమె ఊరు. పట్టుపురుగుల పెంపకం. ఆమె చేతిలో పంట చెడిందన్న మాట ఊళ్లో ఎవరూ వినలేదు. ఆ పట్టుదలంతా ఈ నెల కూతురు ప్రమోద మీద పడింది. ఐదో తరగతి పిల్ల. వచ్చే ఆదివారం వసతి శాలెకు, అంటే అక్కడే ఉండి చదువుకునే బడికి, ప్రవేశ పరీక్ష. సీటు వస్తే పన్నెండో తరగతి దాకా చదువుకు దిగులుండదు. రాకపోతే ఊరి బడిలో ఏడుతోనే ఆఖరు.

అందుకని రోజూ తెల్లవారుజామున నాలుగింటికే పిల్లను లేపి మగ్గి చెప్పించేది. అక్కడ ఎక్కాలను మగ్గి అంటారు. లేవగానే గడగడా అప్పజెప్పిన పదిహేడో మగ్గి, పగలు బడిలో అడిగితే సగంలో ఆగిపోయేది. ఇంకాస్త ముందు లేపితే సరిపోతుందనుకుంది తల్లి. పాపం, ప్రేమతోనే అనుకుంది.

బుధవారం టీచరు జయలక్ష్మమ్మ పిలిపించింది.

"యశోదమ్మా, పాప క్లాసులో తూగుతాండాది. చదివింది తలలో నిలవాలంటే నిద్ర కావల్ల. తొమ్మిది గంటలన్నా పడుకోనీ."

"పడుకుంటే మార్కులు వస్తాయా మేడం?" అని మూతి ముడుచుకుని ఇంటికొచ్చింది.

ఇంట్లో భర్త మునినారాయణ మల్బరీ ఆకు గంపతో పురుగుల షెడ్డులోకి పోతున్నాడు. పురుగులు ఆ పొద్దున్నే నాలుగో జ్వరానికి కూర్చున్నాయి. జబ్బు కాదది. పాత చర్మం విడిచే ముందు పురుగు మేత మాని, కదలకుండా పోయే నిద్ర.

"బుద్ధుండాదా నీకు? జ్వరంలో ఉండేదాన్ని కదిలిస్తే బతుకుతాదా? దాని నిద్ర దాన్ని పోనీ!" అని గంప లాక్కుంది.

 మునినారాయణ వసారా వైపు చూశాడంతే. అక్కడ బడి నుంచి వచ్చిన ప్రమోద పుస్తకం మీదే తల వాల్చి నిద్రపోతోంది. ఇన్నేళ్లు పురుగుల నిద్రకు కాపలా కాసిన మనిషికి కన్నకూతురి నిద్ర కంటికి ఆనకపోవడమేమిటో! యశోదమ్మకు సిగ్గేసింది.

"రేపట్నుంచి నేను లేపను. నీకు మెలకువొచ్చినప్పుడే లే," అంది ఆ సాయంత్రం కూతురితో.

ఆదివారం చిక్కబళ్లాపురంలో పరీక్ష ముగిసి పిల్లలు బయటికొచ్చారు.

"ఎట్ల రాస్తివి తల్లీ?"

"లెక్కలన్నీ వచ్చె. కన్నడలో రెండు వదిలేసినా. కోపమామ్మా?"

"లేదు. రాత్రి నిద్ర పట్టెనా?"

"బాగా పట్టె. నువ్వు లేపనంటివి కదా," అంది ప్రమోద, మామూలుగానే. "ముందైతే రెండింటికే మెలకువ వస్తాండె. నువ్వు లేపేలోపల మర్చిపోతానేమోనని దుప్పట్లోనే మగ్గి చెప్పుకుంటాంటి."

  యశోదమ్మకు సీటు సంగతి గుర్తుకే రాలేదు.

చింతామణి బస్సెక్కిన కాసేపటికే పిల్ల ఆమె ఒళ్లో నిద్రపోయింది. ఊరొచ్చింది. కండక్టరు కేకేశాడు. యశోదమ్మ కదల్లేదు.

"పోనీప్పా," అంది గొంతు తగ్గించి. "పాప పడుకోనుండాది. చింతామణిలో దిగి వెనక్కొస్తాం."