నాలుగు పిన్నీసులు

నంబరు కాగితం బనియను మీది కంపెనీ పేరుకు కింద గుచ్చుకోవాలి, పేరు మీద కాదు. మధుసూదనరావు అంకుల్ ఈ మాట చెప్పడం ఆ ఉదయం మూడోసారి. మహతికి ఒళ్ళు మండిపోయింది. సింగపూర్‌లో పదివేల మీటర్ల పరుగులో ఆమెను మించిన ఆడపిల్ల లేదు. అయినా పిన్నీసు ఎక్కడ గుచ్చుకోవాలో చెప్పడానికి ఓ పెద్దమనిషి కావలసివచ్చాడు!

ఆ పెద్దమనిషి ఓడలు బాగుచేసే కంపెనీలో స్పాన్సర్‌షిప్పులు చూస్తాడు. ఆమె బూట్లు, బనియను, వచ్చే నెల జపాన్ పోటీ, అన్నీ ఆ కంపెనీ చలవే. కాదని ఎవరన్నారు? కానీ సాంబమూర్తి కూడా ఆ కంపెనీలోనే వెల్డరు. శ్రీకాకుళం మనిషి, నోట్లో నాలుక లేనివాడు. రెండేళ్ళుగా ప్రతి ఆదివారం వుడ్‌ల్యాండ్స్‌లో ఆమె ముందు పరిగెత్తి ఆమెకు వేగం నేర్పింది అతనే.

పోయిన ఆదివారం యార్డులో ఇనప పలక జారి అతని మడమ మీద పడింది. కంపెనీ ఏం రాసిందో తెలుసా? పొద్దున మహతితో పరిగెత్తి విరగ్గొట్టుకున్నాడట! పనిలో తగిలిన దెబ్బ కాదు కనక ఆపరేషన్ వాళ్ళ పూచీ కాదట. బుధవారం విమానం ఎక్కించి ఇంటికి పంపేస్తారట. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. నిజానికి ఆ పొద్దున సాంబమూర్తి పరుగుకు రానే లేదు. రాలేనని ఆరింటికే ఫోనులో వాయిస్ మెసేజ్ పెట్టాడు.

అది వినిపిస్తే అంకుల్ నవ్వాడు.

"జపాన్ వెళ్ళాలని లేదా నీకు? వాడి కోసం కెరీర్ స్పాయిల్ చేసుకుంటావా?"

వాడట! ఉగాది సభకు కుర్చీలు మోయించుకున్నప్పుడు తమ్ముడు, కాలు విరిగాక వాడు.

 అంకుల్ చూస్తూండగానే మహతి నంబరు కాగితాన్ని సరిగ్గా కంపెనీ పేరు మీద పరిచి, ఒక్క అక్షరం కనబడకుండా నాలుగు మూలలా నాలుగు పిన్నీసులు గుచ్చుకుంది. ఆయన నోరు తెరిచేలోగా ట్రాక్ మీదికి వెళ్ళిపోయింది.

ఇరవై అయిదు చుట్లూ ఆ కోపంతోనే పరిగెత్తింది. రెండో అమ్మాయి అర చుట్టు వెనకబడింది.

పోటీకి డబ్బు పెట్టింది కూడా ఆ కంపెనీయే కనక, గెలిచినవాళ్ళు కంపెనీ జాకెట్ తొడుక్కుని, మైకులో కంపెనీకి కృతజ్ఞతలు చెప్పడం ఆనవాయితీ. జాకెట్ అంకులే పట్టుకొచ్చాడు. మహతి దాన్ని ముట్టుకోలేదు. మైకు మాత్రం తీసుకుంది. ఇంగ్లీషులో ఒకసారి, అంకుల్‌కు అర్థం కాలేదనే సాకు లేకుండా తెలుగులో ఒకసారి చెప్పింది.

"పోయిన ఆదివారం సాంబన్న పరిగెత్తలేదు. నేనొక్కదాన్నే పరిగెత్తాను. కాలు విరిగింది మీ యార్డులో. కంపెనీ రాసింది అబద్ధం."

ఆపైన ఫోను మైకు దగ్గర పెట్టింది. స్టేడియం అంతా సాంబమూర్తి గొంతు వినిపించింది.

"ఈయాల డూటీ పడిపోనాదమ్మా. నువ్వొక్కర్తివే పరిగెట్టు. ఆఖరి రౌండు బద్దకించకు."

సాయంత్రానికల్లా జపాన్ పోటీ మహతి చేజారింది. బుధవారం విమానం మాత్రం సాంబమూర్తి లేకుండానే వెళ్ళింది.

కంపెనీ ఖర్చుతోనే ఆపరేషన్ అయ్యాక చూడ్డానికి వెళితే, ఆమె జపాన్ పోగొట్టుకున్నందుకు అతను మొహం తిప్పుకుని పడుకున్నాడు. చివరికి ఆఖరి రౌండు ఎంతలో పరిగెత్తావని అడిగాడు. డెబ్బై ఆరు సెకన్లని మహతి చెప్పింది.

"రెండు సెకన్లు బద్దకించీసినావు," అన్నాడు సాంబమూర్తి కోపంగా.