మీటరు మీది బొట్టు

తాళంచెవి తిప్పగానే ఇంజను ఒక్కసారి "టక్" అంది. రెండోసారి తిప్పితే ఆ మాత్రం కూడా అనలేదు.

పడవ నిండా జనం. మల్లెపూల గంపలు, వంకాయ మూటలు, పాల క్యాన్లు, కాళ్ళు కట్టేసిన మేకపోతు ఒకటి. పూండి చెరువు అవతలి ఊళ్ళవాళ్ళు తిరువళ్ళూరు అంగడికి పోవాలంటే ఈ మోటారు పడవెక్కి ఆనకట్ట దగ్గరి రేవులో దిగి బస్సు పట్టుకోవాలి. చుట్టూ తిరిగిపోయే బాట ఉంది గాని, ఆ బాటన పోతే పూలు అమ్మడానికి కాదు, పారబోయడానికే పనికొస్తాయి. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది.

"ఈ నెలలో ఇది మూడో తూరి నాగలింగం," అంది పూలమ్మే అలిమేలమ్మ, గంప మీద తడిగుడ్డ సర్దుకుంటూ. "బస్సు పోతే నా పూలు ఎవురు కొంటారప్పా? నువ్వు కొంటావా?"

నాగలింగం ఆ పడవ డ్రైవరు. గడకర్ర అందుకున్నాడు. రెండో గడ పడవ కావలి మునియప్ప తీసుకున్నాడు. మునియప్ప నాగలింగానికి స్వయానా అక్క మొగుడు. ఇద్దరూ చెరో పక్క నిలబడి, లోతు తక్కువున్న అంచు వెంబడి పడవను తోసుకుంటూ రేవు చేర్చేసరికి బస్సు పోయింది, అరచేతుల్లో బొబ్బలు లేచాయి. అలిమేలమ్మ ఇద్దర్నీ తిట్టింది, ఇంజన్ను తిట్టింది, అప్పటికీ కసి తీరక చెరువును తిట్టింది.

రేవులో జగన్నాథన్ నిలబడి ఉన్నాడు. పడవ ఆయనదే, రేవును వేలంలో పాడుకున్నదీ ఆయనే. అందరూ మొదలాళి అంటారు. మడత నలగని పంచె, భుజాన జరీ కండువా, నుదుట ఎప్పుడూ చెరగని విభూతి. ఆయన కోపమొస్తే అరవడు. అరిచినా బాగుండుననిపించేటంత నెమ్మదిగా మాట్లాడతాడు.

"బ్యాటరీ చార్జి చేయించి వారం కాలేదు. ఇంజను తాగలేదు, చెరువు తాగలేదు. తాగేది మనిషే," అన్నాడు.

తర్వాత నాగలింగాన్ని మాత్రం పక్కకు పిలిచాడు.

"నీ మింద నాకు సందేహం లేదు నాగలింగం. నువ్వు పొద్దుగూకితే ఇంటికి పోతావు. పడవలో పండుకునేది ఎవురు? నేను చెప్పను, నువ్వే ఆలోచించు. కృత్తిక పండగ వస్తావుంది. తిరుత్తణి కొండకు పోదాము. నేను కరెంటు తియ్యలేదని కర్పూరం ఆర్పి సత్యం చెయ్యి, చాలు. లేదంటే కొత్త బ్యాటరీ ఆరునూర్లు. ఇద్దరి సంబళంలో చెరి సగం పట్టుకుంటా."

నాగలింగం సంబళం నెలకు నూట ఎనభై. ఆ సగం కట్టడమంటే పిల్లల నోటి దగ్గరి కూడు తీసి ఇవ్వడమే.

ఆ ప్రాంతంలో దొంగతనం మాటొస్తే పోలీసు కన్నా ముందు కర్పూరం వస్తుంది. మండుతున్న కర్పూరం మీద అరచెయ్యి వేసి ఆర్పి, "నేను చెయ్యలేదు" అనాలి. అబద్ధమైతే ఏడాది తిరక్కుండా కళ్ళు పోతాయని నమ్మకం. చెయ్యి వెయ్యనివాడు దొంగ, ఇంకే సాక్ష్యమూ అక్కర్లేదు. నాగలింగం తీయలేదు కాబట్టి అతనికి భయం లేదు. అయితే అతను చెయ్యి వేసిన మరుక్షణం మిగిలేది ఒక్కడే.

ఆ ఒక్కడికి దొంగ పేరు పడితే ఈ రేవులోనే కాదు, చుట్టుపక్కల ఎక్కడా కావలి పని దొరకదు. అక్క వరదమ్మ పొయ్యి వెలిగేది మునియప్ప తెచ్చే నూట ఇరవైతోనే. ఇదంతా నాగలింగానికి తెలుసు. తెలిసి కూడా, మొదలాళి వేసిన విత్తనం అతని మనసులో అప్పుడే మొలిచింది. బీదవాడి ఇంట్లో అనుమానానికి నీళ్ళు పోసే పని ఉండదు, అదే పెరుగుతుంది.

బ్యాటరీని బస్సులో కాళ్ళ దగ్గర పెట్టుకుని తిరువళ్ళూరు పోతున్నంతసేపూ అతను బావ సంగతే మనసులో తవ్వుకుంటూ కూర్చున్నాడు. బావకు రేడియో ఉంది. సాయంత్రమైతే పడవలో పాటలు మోగుతాయి. సెల్లులు కొనే డబ్బు ఎక్కడిది? ఇంకొకటి. ఆయుధపూజ నాడు మొదలాళి తల్లి పడవెక్కి ఇంజనుకూ చుక్కానికీ బ్యాటరీ కరెంటు చూపే మీటరుకూ చందనం పూసి బొట్లు పెట్టింది. పూజలో పెట్టిన బొట్టు దానంతటది రాలాలి గాని మనం తుడవకూడదు. అంతవరకూ సరే. కాని శుక్రవారం శుక్రవారం మునియప్ప ఆ పాత బొట్టు మీదే కొత్త బొట్టు అద్దుతూ వచ్చాడు. ఇప్పుడు మీటరు అద్దం మీద కుంకుమ అట్టు కట్టింది. ఇన్నాళ్ళూ అది భక్తి అనుకున్నాడు. భక్తేనా?

బ్యాటరీ చార్జింగు షాపు సుందరరాజ్ గాజు గొట్టంతో యాసిడ్ పీల్చి వెలుతురుకు పెట్టి చూశాడు.

"బ్యాటరీ మంచిదే. కడుపు ఖాళీ, అంతే. ఎవురన్నా తింటావుండాల, లేదంటే డైనమో కూడు పెట్టకుండా ఉండాల. ఆంపియర్ మీటరు ఏం చెప్తావుంది?"

"మీటరుకి బొట్టు పెట్టినారన్నా. ముల్లు కనబడదు."

సుందరరాజ్ పడీపడీ నవ్వాడు. "మా చర్చి ఫాదరు గూడా బండ్లకు మంత్రించిన నీళ్ళు చల్లుతాడప్పా. మీటరు మాత్రం మూసెయ్యడు." నవ్వు ఆపుకుని చెప్పాడు: "ఇంజను ఆపి ముల్లు చూడు. నడిమధ్యలో నిలిస్తే ఎవురూ తినలేదని. మైనస్ పక్కకు వాలితే యాడనో తీగ తగిలించి లాగుతావుండారని. అయినా స్లోగా తోలితే డైనమో చార్జి ఎక్కదని మీ మొదలాళికి దీపావళప్పుడే చెప్పినానే. మీతో చెప్పలేదా?"

ఆ చివరి మాట నాగలింగం చెవిన పడిందే గాని బుర్రకెక్కలేదు. "తీగ తగిలించి" అన్నచోటే అతను ఆగిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం మునియప్ప అన్నానికి గట్టెక్కిన అదను చూసి, బ్యాటరీ బిగించి, తువ్వాలు తడిపి మీటరు అద్దం రుద్దాడు. ఎర్రటి నీళ్ళు మణికట్టు మీదుగా కారాయి. చందనం పెచ్చు ఊడి, అద్దం కింద సన్నటి ముల్లు బయటపడింది.

ముల్లు నడిమధ్యలో నిలబడి ఉంది. పలక మీదున్న బావ రేడియో మీట తిప్పాడు. పాట మొదలైంది, ముల్లు కదల్లేదు. వేలితో అద్దం తట్టాడు. అయినా కదల్లేదు. నిజం చెప్పాలంటే నాగలింగానికి నిరాశ కలిగింది. అక్క మొగుడు దొంగ కాదని తేలినందుకు సంతోషించాల్సిన మనిషి, పట్టుకోలేకపోయానే అని ఉసూరుమన్నాడు.

"ఏంది నువ్వు చేసేది?" వెనక మునియప్ప.

"నువ్వేంటికి శుక్రవారం శుక్రవారం దీన్ని కప్పి పెడతావుండావు బావా?"

"కప్పేదేంది? మొదలాళి వాళ్ళమ్మ పెట్టిన బొట్టు వెలిసిపోతే అరిష్టమని పెడతావుంటి. నేను లేనప్పుడు చూసి నువ్వేంటికి తుడిస్తివి? కరెంటు తీసిన జాడ మాపేదానికా?"

"నేనా?"

"నువ్వే. మొదలాళి చెప్పినాడు. నీ మింద నాకు సందేహం లేదు మునియప్పా, పడవ తాళంచెవి ఎవురి మొలలో ఉండాదో ఆలోచించు, తిరుత్తణిలో సత్యం చెయ్యి చాలు, అని."

నాగలింగంతో అన్న మాటలే, మనిషిని మార్చి. ఇద్దరూ చెరో వైపు చెయ్యి పెట్టి ఆర్పే కర్పూరం అది. ఒకడు ముందు ఆర్పితే రెండోవాడు దొంగ.

"మరి నీ రేడియోకు సెల్లులు యాడివి?" అన్నాడు, గొంతు తగ్గించి.

మునియప్ప అతని చెయ్యి పట్టుకుని లేపి పడవ కప్పు చూపించాడు. రేకు మీద పాత సెల్లులు వరసగా ఎండలో పేర్చి ఉన్నాయి. "అంగళ్ళలో పారేసినవి ఏరకొచ్చి ఎండబెడతా. ఒకపూట పాడతాయి. మీ అక్కనడుగు, ఆ పాటకు గూడా తిడతాది."

అప్పుడొచ్చింది సిగ్గు. చిన్నప్పుడు జ్వరమొస్తే ఈ బావే తనను భుజానేసుకుని పూండి ఆసుపత్రికి నడిచాడు. ఆ మనిషిని పట్టుకోవాలని తువ్వాలు తడిపి వచ్చాడు తను.

ఇక డైనమో సంగతి చూద్దామని ఇంజను స్టార్టు చేశాడు. యాక్సిలరేటరు కడ్డీకి ఒక ఇనపతీగ చుట్టి ఉంది. డీజిలు ధర పెరిగినప్పుడు మొదలాళి తన చేత్తోనే చుట్టి, ఆ తీగ దాటి వేగం పెంచితే సంబళంలో కోత అన్నాడు. అప్పట్నించీ పడవ గర్భిణీ నడకే నడుస్తోంది. నాగలింగం కడ్డీని తీగ దాకా తోసి, చీకటితో పోయే మొదటి ట్రిప్పుకు వాడే లారీ హెడ్‌లైట్లు వేశాడు. ముల్లు మైనస్ వైపుకు వాలిపోయింది.

మునియప్ప పట్టకారు తెచ్చి తీగ విప్పాడు. కడ్డీ ముందుకు తోయగానే ఇంజను గొంతు మారింది, ముల్లు లేచి ప్లస్ వైపుకొచ్చింది. వెనక్కి లాగితే పడింది. మళ్ళీ తోస్తే లేచింది. చిన్నపిల్లల మాదిరి ఇద్దరూ నాలుగైదుసార్లు తోసి లాగి చూసుకున్నారు.

సుందరరాజ్ మాట ఇప్పుడు బుర్రకెక్కింది. "స్లోగా తోలితే ఎక్కదని దీపావళప్పుడే మొదలాళికి చెప్పినాడంట బావా."

మునియప్ప పట్టకారు పక్కన పెట్టాడు. "డీజిలు మిగిలితే ఆయనకు," అన్నాడు. "బ్యాటరీ దిగితే మనకు."

కృత్తిక నాడు పొద్దున్నే మొదలాళి కారు రేవులో ఆగింది. నాగలింగం ఎదురుపోయి, "ఒక్క నిమిషం పడవలోకి రాండయ్యా, ముల్లు చూపిస్తా. దొంగ ఎవురూ లేరు," అని బతిమాలాడు. జగన్నాథన్ గట్టు మీద నుంచే తొంగిచూశాడు. తల్లి పెట్టిన బొట్టు లేదు. తాను చుట్టిన తీగ లేదు.

"ఎవుర్నడిగి తుడిచినారు?" అన్నాడు, ఎప్పటికన్నా నెమ్మదిగా. "ముల్లుకు నోరుండాదా సాక్ష్యం చెప్పేదానికి? స్వామి ముందర మాట్లాడుదాము. ఎక్కండి."

కారులో నాగలింగం దారి పొడుగునా తన కుడి అరచెయ్యి చూసుకున్నాడు. భక్తి లేనివాడు కాదు అతను. చిన్నప్పుడు ఆ కొండమీదే గుండు చేయించుకున్నాడు. సత్యం చేసినా తనకేమీ కాదు. చెయ్యి వేసి తీస్తే సంబళం నిలుస్తుంది, డ్రైవరు పనీ నిలుస్తుంది. అంత సులువు. ఆ సులువే అతన్ని భయపెట్టింది.

తిరుత్తణి మెట్ల మీద భక్తులు మోసే మొక్కు కావళ్ళు, స్వామిని పిలిచే అరోహరా కేకలు. కృత్తికలకు అలిమేలమ్మ పూలు ఇక్కడికే తెస్తుంది. మెట్ల పక్క మండపం దగ్గర గంప పెట్టుకుని కూర్చుని, ముగ్గుర్నీ చూసి మూర కొలిచే చెయ్యి ఆపింది. జగన్నాథన్ ఇత్తడి తట్టలో కర్పూరం బిళ్ళలు కుప్పగా పోసి అంటించాడు. చుట్టూ పదిమంది మూగారు. సత్యం చేస్తున్నారంటే చూడబుద్ధి కానిదెవరికి?

"నాగలింగం. చెయ్యి వెయ్యి."

మంట నిటారుగా లేచింది. సెగ మొహానికి తగిలింది. నాగలింగం రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"నేను కరెంటు తియ్యలేదు. అది నిజమే. అయినా చెయ్యనయ్యా. నేను ఆర్పితే మా బావ దొంగైపోతాడు."

చుట్టూ గుసగుసలు లేచాయి. చెయ్యి వెయ్యనివాడు ఏమవుతాడో అక్కడందరికీ తెలుసు. జగన్నాథన్ పెదవి చివర చిన్న నవ్వు కనిపించింది. మునియప్ప వైపు తిరిగాడు.

"సరి. నువ్వు వెయ్యి."

"నేనూ వెయ్యను," అన్నాడు మునియప్ప.

"అయితే ఇద్దరూ దొంగలే!" మొదటిసారిగా ఆయన గొంతు లేచింది.

"ఆ కర్పూరం ఇంకా మండతానే ఉండాదయ్యా," అన్నాడు నాగలింగం. "మీరు ఆర్పండి. స్లోగా తోలితే చార్జి ఎక్కదని సుందరరాజ్ దీపావళికి మీతో చెప్పలేదని, మీకు తెలవదని, ఆర్పండి. మేమిద్దరం ఈ మెట్ల మిందనే దొంగలమని ఒప్పుకుంటాము."

గుసగుసలు ఆగిపోయాయి. అలిమేలమ్మ లేచి నిలబడింది. ఆమె చూపు నాగలింగం మీద లేదు, మునియప్ప మీద లేదు. మొదలాళి కుడిచెయ్యి మీద ఉంది.

"వెయ్యండయ్యా," అంది. "పూలు వాడిపోయిందాన్ని, నేనూ చూస్తా."

జగన్నాథన్ చెయ్యి తట్ట దాకా వచ్చింది. అక్కడ కాసేపు ఆగింది. తర్వాత, ఏదో సర్దుకోవాలన్నట్టు, కండువా కిందికి పోయింది. కర్పూరం చిన్నదైంది, నీలంగా మారింది, ఎవరి చెయ్యీ తగలకుండా దానంతటదే ఆరిపోయింది. తట్ట మధ్యలో నల్లటి మచ్చ ఒకటి మిగిలింది. పడవ తాళంచెవి ఇంకా నాగలింగం మొలలోనే ఉంది. దాన్ని ఇమ్మని ఎవరూ అడగలేదు, అతనూ తీసి ఇవ్వలేదు.