సోమనర్సయ్య దినాల కార్డు

తొర్రూరు బస్టాండు ఎదుట కళావతి కార్డుల దుకాణంలో రజిత పనికి చేరి ఆరు రోజులైంది. అప్పటికే రెండు ఆర్డర్లు వాపసు వచ్చాయి. "ఇంకొక్క కార్డు వాపసొచ్చిందనుకో, నువ్వు గూడ ఇంటికి వాపసే" అని కళావతి పొద్దున్నే తేల్చి చెప్పింది. ఈ కొలువు పోతే మళ్లీ మిరప చేనే గతి. ఆ ఘాటు తలుచుకుంటేనే రజితకు తుమ్ములొస్తాయి.

అలాంటి రోజున జైపాల్ వచ్చాడు. తండ్రి సోమనర్సయ్య పోయి వారమైంది. అన్నదమ్ములకు పడదు కనుక ఒకే వాకిట్లో రెండు టెంట్లు, రెండు వంటలు, రెండు కార్డులు. అన్న జగపతి కార్డులు అచ్చయి బల్ల మీద కట్టగా ఉన్నాయి. జైపాల్ ఒకటి లాగి రజిత ముందు పెట్టాడు.

"మతలబు గిదే ఉండాలె. గిందుల ఉన్న మాట ఒక్కటి గూడ ఉండొద్దు. మా అన్నను చూసి రాసిన్నంటరు."

"ఒక్కటి గూడనా అన్నా? మరి పేర్లు..."

"చెప్పిన గద! చాయ తాగొస్త."

అడగందే అమ్మయినా పెట్టదంటారు. పని రాదనుకుంటారేమోనన్న భయంతో ఈ పిల్ల నోరు కుట్టుకుంది. పుస్తకాల మాటలన్నీ అన్న కార్డే మింగేసింది గనుక ఇంటి మాటలే మిగిలాయి. "స్వర్గస్థులైనారు" పోయి "పైకి పోయిండు" వచ్చింది. "మధ్యాహ్నం పన్నెండు గంటలకు" అన్నది "పొద్దు నెత్తిమీదికొచ్చే యాళ్లకు" అయింది. "విందు ఆరగించి" అన్నచోట "కడుపునిండ బువ్వ తిని" కూర్చుంది. ఇక సోమనర్సయ్యకు మారుమాట ఏది? చాలాసేపు తల గోక్కుని, సోముడంటే చంద్రుడు, నర్సయ్యంటే నరసింహం కదా అని "చంద్రసింహం" అని టైపు కొట్టింది.

జైపాల్ వచ్చి, అచ్చు తీసిన కాగితం చదివాడు.

"గీ చంద్రసింహం ఎవడు? మా నాయిన పేరు మారుస్తవా?"

"నువ్వే గదన్నా, ఒక్కటి గూడ ఉండొద్దన్నవు..."

కళావతి కుర్చీలోంచి లేచింది. రజితకు ఏడుపొచ్చింది.

సరిగ్గా అప్పుడే జగపతి తన కట్ట కోసం వచ్చాడు. తప్పులు వెతుకుదామని తమ్ముడి చేతిలో కాగితం లాక్కుని, చదువుతూ చదువుతూ ఆగిపోయాడు.

"నాయిన గిట్లనే అంటుండె. గడియారం చూసి ఎన్నడన్న చెప్పిండా?"

జైపాల్ కాగితంలోకి తొంగిచూశాడు. "కొట్లాటకు వచ్చినోళ్లను గూడ కడుపునిండ తిని పొమ్మనేటోడు."

"నా కట్ట పక్కకు పెట్టు పిల్లా. నాకు గూడ గిదే కావాలె."

"గిది నాది!" అన్నాడు జైపాల్. ఇంకాస్త ఆగితే దుకాణంలోనే జుట్లు పట్టుకునేవాళ్లు.

"ఆగుండ్రి!" రజిత గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఏది మార్చాలె, ఏది మార్చొద్దు, ముందుగాల చెప్పుండ్రి. పెద్దాయన పేరు సోమనర్సయ్యే గద? మరి కార్డు కింద పిలిచేటోళ్లు ఎవలని రాయాలె?"

జైపాల్, అన్న మొహం చూడకుండానే అన్నాడు: "'సోమనర్సయ్య కొడుకులు' అని కొట్టు. గది మాత్రం మార్చకు."

కళావతి మెల్లగా కూర్చుంది. "ఎన్ని కార్డులో గూడ అడుగు బిడ్డా" అంది.