సాయంత్రం గీత

"మడమలు ఆనించు. గడ్డం దించు. మునివేళ్ళ మీద లేచావంటే ఊరుకోను," అంది హెల్వి, రొట్టె కోసే చెక్కను మొగుడి నెత్తిమీద అడ్డంగా పెట్టి.

ఆర్వో ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ఒంటిమీద లోపలి చొక్కా, కాళ్ళకు ఊలు మేజోళ్ళు. నిద్రకు రేగిన అతని నెరిసిన జుట్టును చెక్కతో అణిచి, ఆవిరిగది ద్వారబంధం మీద ఆమె గీత గీసింది. పెన్సిలు అప్పుడే చెక్కింది. ములుకు మొద్దుగా ఉంటే మొగుడికి కలిసొస్తుందని ఆమె అనుమానం.

"చూశావా, నీకన్నా ఎత్తు!" అన్నాడు ఆర్వో.

"పొద్దున్నే అందరూ మొనగాళ్ళే. సాయంత్రం రా, అప్పుడు మాట్లాడదాం."

గోరంత తేడాకు కొండంత పంచాయితీ అది, పెళ్ళినాటిది. ఆనాడు ఫొటో తీసినవాడు ఆర్వో కాళ్ళకింద ఒక చెక్కపెట్టె వేశాడు. పెట్టె ఫొటోలో పడలేదు గాని, హెల్వి నోట్లో మాత్రం ఇప్పటికీ నానుతూనే ఉంది. పొద్దున ఆమెకన్నా కాస్త ఎత్తుగా ఉండే మనిషి, రొట్టెల కార్ఖానాలో రోజంతా పిండిబస్తాలు మోసి ఇల్లు చేరేసరికి కాస్త పొట్టి అయిపోయేవాడు. బరువులు మోసేవాళ్ళ వెన్ను కొలుస్తామని కెనడాలో వాళ్ళుండే థండర్ బే ఊళ్ళో పరిశోధకులు అడిగితే, అందరికన్నా ముందు చెయ్యెత్తింది ఆర్వోనే. తన ఎత్తు రోజూ ఎటు పోతోందో తెలుసుకోకపోతే అతనికి తోచదు.

పనికి వెళ్తూ ప్రయోగశాలలో ఆగాడు. పరిశోధకురాలు జోసెట్ అతని వీపును కొలతబల్లకు ఆనించి, అంకె రాసుకుని, తెరమీద తాను కట్టిన వెన్నుపూసల బొమ్మ చూపించింది.

"ఇది మీదే, ఆర్వో గారూ. పూసల మధ్య ఈ బిళ్ళలున్నాయే, వీటి అంచు చుట్టూ పీచు పొరలు. ఒక పొర ఇటు వాలితే, దాని పక్కది అటు. మధ్యలో జిగురు, దాన్నిండా నీళ్ళు. బరువు పడేకొద్దీ నీళ్ళు మెల్లగా బయటికి పోతాయి."

"ఎక్కడికి పోతాయమ్మా?"

"పక్కనున్న ఎముకల్లోకి, చుట్టూ కండలోకి. పడుకుంటే మళ్ళీ తిరిగొస్తాయి."

"దారి మర్చిపోవూ?"

జోసెట్ నవ్వింది. "నా బొమ్మలో బిళ్ళ మర్చిపోదు. తెల్లారేసరికి మొత్తం లాగేసుకుంటుంది. మీది మాత్రం ప్రతిసారీ కొంచెం వదిలేస్తోంది. ఎందుకో నాకూ అంతుచిక్కట్లేదు."

"మధ్యాహ్నం కాసేపు నడుం వాలిస్తేనో?"

"కాళ్ళు ఎత్తుమీద పెట్టుకుని పడుకోండి. కొంత వస్తుంది. ఎంతొస్తుందో నాకూ చూడాలనుంది. సాయంత్రం తప్పకుండా రండి."

ఆ రోజు లోడు మధ్యాహ్నానికే దిగిపోయింది. బస్తా భుజానికెత్తినప్పుడల్లా మెడ కిందినుంచి నడుందాకా ఒక్కొక్క బిళ్ళా అణగడం ఆర్వోకు తెలుస్తున్నట్టే ఉంది. ఎడమ చెయ్యి పొద్దుటినుంచి లాగుతోంది. బస్తాలు మోసే చెయ్యి లాగక ఏం చేస్తుందని దాన్ని పట్టించుకోలేదు. కనుబొమల మీది పిండి దులుపుకుని, రై గింజల రొట్టె, జున్ను తిని, ఖాళీ గోతాలు పరుచుకుని పడుకున్నాడు. కాళ్ళు వెన్నపెట్టె మీద పెట్టాడు.

పొయ్యి దగ్గర పనిచేసే రోకో తొంగిచూశాడు. "ఏంటి పెద్దాయనా, పడకేశావ్?"

"పెరుగుతున్నాను."

"ఈ వయసులోనా? ఎందాకా?"

"మా ఆవిడ నెత్తిదాకా."

రోకో పకపకా నవ్వుతూ వెళ్ళి, "పెద్దాయన పెరుగుతున్నాడు, ఎవరూ లేపకండి," అని అందరికీ చెప్పాడు.

ఆర్వో టోపీ మొహం మీదికి లాక్కుని కళ్ళు మూసుకున్నాడు. గెలుపు సంగతి సరే, పెళ్ళాన్ని ఉడికించడంలో సరదా ఎలాగూ ఉంది. కాని అతని కోరిక వేరు. బతుకంతా సాయంత్రానికి కాస్త తగ్గిపోయి ఇంటికి వచ్చాడు. ఒక్క పూటైనా పొద్దున బయల్దేరినంత మనిషిగా గుమ్మం దగ్గర నిలబడాలి. వెన్నులో బిళ్ళలు నానబెట్టిన శనగల్లా నీళ్ళు పీల్చుకుంటున్నాయనుకున్నాడు. ఎంతవరకు ఉబ్బుతాయో చూడాలని కదలకుండా ఉన్నాడు.

మళ్ళీ పనికి పిలిచే గంట మోగినా ఆర్వో లేవలేదు. రోకో చెప్పాడు కనక ఎవరూ లేపలేదు. చివరికి రోకోయే వచ్చి, మొహం మీది టోపీ తీశాడు. ఆర్వో ఏదో అడగబోతున్నవాడిలా ఉన్నాడు. గుండె ఎప్పుడు ఆగిందో, చుట్టూ అంతమంది ఉండి కూడా ఎవరికీ తెలియలేదు.

ఆసుపత్రిలో పొడుగాటి బల్లమీద పడుకోబెట్టారు. హెల్వి తలనుంచి కాళ్ళదాకా చూసింది. జుట్టులో పిండి తుడిచి, చేత్తో అణిచింది. "నెగ్గావు పో," అంది. ఆ తర్వాత దుఃఖం ఆపుకోలేకపోయింది.

ఇల్లు చేరేసరికి ఫోను మోగుతోంది.

"నేను జోసెట్‌నండీ. ఆర్వో గారు సాయంత్రం కొలతకి రాలేదు, మర్చిపోయారా?"

"మర్చిపోలేదమ్మా," అంది హెల్వి. "మధ్యాహ్నం పడుకున్నాడు. మరి లేవలేదు."

 హెల్వి ఫోను పెట్టేసి, అలవాటు చొప్పున రొట్టె చెక్క చేతిలోకి తీసుకుని ద్వారబంధం దగ్గరికి నడిచింది. రోజూ పొద్దుటిదీ సాయంత్రానిదీ జంటగా ఉండే గీతల్లో ఇవాళ పైది ఒక్కటే ఉంది. దాని పక్కన మేకుకు కట్టిన దారానికి, పొద్దున చెక్కిన పెన్సిలు వేలాడుతోంది.